దయ్యాలకు టికెట్ కొట్టిన కండక్టరు

కండక్టరు గారు దయ్యాలు వదిలించే పనిలోకి వచ్చింది పొరపాటున. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. మనం చెప్పుకుందాం, మనదేం పోయింది!

అప్పటికి ఆయనది సిటీ బస్సులో ఇరవై రెండేళ్ళ సర్వీసు. మనిషి చూస్తే పిడికెడు, గొంతు చూస్తే బస్తాడు. "ముందుకు జరగండమ్మా" అని ఆయన అరిస్తే వెనక వచ్చే బస్సులో వాళ్ళు కూడా జరిగేవారని డిపోలో చెప్పుకునేవారు. ఒకనాటి మధ్యాహ్నం బస్సు కిక్కిరిసి ఉంది. మధ్య సీట్లో ఒకావిడకి ఫిట్స్ వచ్చి, కళ్ళు తేలేసి కొట్టుకుంటోంది. ఈయనకి ఆ గొడవేమీ తెలియదు. వెనక ఫుట్‌బోర్డు మీద టికెట్ లేకుండా వేలాడుతున్న పెద్దమనిషి ఒకడు సరిగ్గా అప్పుడే కంటబడ్డాడు. ఈయనకి ఒళ్ళు మండింది. విజిల్ ఊది, "దిగు! ఎవడబ్బ సొమ్మనుకుని ఎక్కావ్? పైవాడి మీద ఆన, దిగకపోతే ఈడ్చి పారేస్తా!" అని అద్దాలు అదిరేలా అరిచాడు.

ఫిట్స్ అన్నవి కాసేపు ఉండి వాటంతట అవే తగ్గుతాయి. ఆవిడవి ఆ నిమిషానికే తగ్గాయి. కళ్ళు తెరిచి, "ఏమయింది నాకు?" అంది. బస్సంతా కండక్టరు గారి వైపు తిరిగింది. ఫుట్‌బోర్డు మీది పెద్దమనిషి ఎప్పుడో ఉడాయించాడు. ఒక ముసలాయన లేచి, కండక్టరు గారికి చేతులు జోడించి, "అయ్యా, దేవుడిలా వచ్చి దాన్ని దింపేశారు" అన్నాడు. ఎవణ్ణి దింపాడో కండక్టరు గారికి తెలుసు. కానీ నలభై మంది ఒక్కసారిగా చేతులు జోడిస్తుంటే, "ఛఛ, నేను కాదండీ" అనే మొనగాడు ఎక్కడున్నాడు? ఆయన మీసం సవరించుకుని, "పైవాడి దయ" అన్నాడు. అంతే, అక్కడితో బుక్కయ్యాడు.

రిటైరయ్యాక ఖాళీగా కూర్చోవడం ఆయన వల్ల కాలేదు. వాళ్ళది మూడో అంతస్తులో మూడు గదుల వాటా. వెనక గది ఖాళీ చేయించి, గోడకి దేవుడి పటం, పటం కింద తన విజిల్ తగిలించాడు. కిటికీకి మేకులు కొట్టించాడు. తలుపుకి బయట గొళ్ళెం పెట్టించాడు. ఆ వారమే జనం మెట్ల మీద వరస కట్టారు.

వచ్చినవాళ్ళకి ముందు ఉపన్యాసం ఉండేది. "శరీరం ఒక బస్సు. ఆత్మ పాసున్న ప్రయాణికుడు. దొంగతనంగా ఎక్కినవే దయ్యాలు. పైవాడు చెకింగ్ స్క్వాడ్. నేను ఆయన కింద డ్యూటీ చేసే కండక్టర్ని." ఒకాయన ఊరుకోక, "మరి డ్రైవరెవరండీ?" అని అడిగాడు. కండక్టరు గారు వారం రోజులు ఆలోచించి, "అలాంటి ప్రశ్నలు దయ్యాలే అడుగుతాయి" అని తేల్చాడు. పాపం, అడిగినాయన్ని కూడా గదిలో కూర్చోబెట్టారు.

గదిలో జరిగేది ఇది. మనిషిని కుర్చీకి కడతారు. కుంపట్లో మిరపకాయలు, మిరియాలు, డిపో నుంచి తెచ్చిన పాత టైరు ముక్క వేసి రాజేస్తారు. తలుపు మూస్తారు. బయట నుంచి కండక్టరు గారు దేవుణ్ణి తలుచుకుంటూ, విజిల్ ఊదుతూ, "దిగు, దిగు" అంటాడు. మధ్యలో ఎవరైనా, "టైరెందుకండీ?" అంటే, "దయ్యానికి ఊపిరాడకూడదు" అనేవాడు. "మరి మనిషికో?" అంటే, "మనిషికి దేవుడున్నాడు" అనేవాడు. డాక్టరిచ్చిన మాత్రలు మానెయ్యాలని మొదటి షరతు. మందు వేస్తే దొంగ ప్రయాణికుడికి కిటికీ పక్క సీటిచ్చినట్టేనట. అంతా అయ్యాక పాత టికెట్ల కట్టలోంచి ఒకటి చింపి, చిల్లు కొట్టి, మెడలో వేసుకోమని ఇచ్చేవాడు.

వీటన్నిటి కన్నా పెద్ద రూలు ఒకటుంది. అది పుస్తకాల్లో దొరకదు, కండక్టరు బుర్రకి మాత్రమే తడుతుంది. "ఇరవై రెండేళ్ళలో ఒక్కడైనా 'నా దగ్గర టికెట్ లేదండీ' అని ఒప్పుకున్నాడా? పాసు ఇంట్లో మర్చిపోయానంటాడు. మా బావ తీశాడంటాడు. గుండెల్లో నొప్పంటాడు. అన్నీ కోతలే! కాబట్టి లోపల్నుంచి ఏం మాటొచ్చినా నమ్మకూడదు. నీళ్ళంటుంది, ఇవ్వకూడదు. ఊపిరాడట్లేదంటుంది, ఇంకో రెండు మిరపకాయలు వెయ్యాలి. బతిమాలుతోందంటే దిగే స్టేజీ వచ్చినట్టే." ఈ రూలు ఆయన భార్యకి, బావమరిదికి కంఠతా వచ్చు. బావమరిది కోల్డ్ స్టోరేజీలో మూటలు మోసేవాడు. ఎంత బరువైనా ఎత్తేవాడు, ఒక్క ఆలోచన తప్ప. కట్లు కట్టడం అతని డ్యూటీ. జనాన్ని కూర్చోబెట్టడం, మళ్ళీ ఏ వారం రావాలో చెప్పడం ఆవిడ డ్యూటీ.

ఇంతకీ ఎవరికైనా నయమయ్యేదా అంటారా? భలేవారే! నోరు విప్పితే మళ్ళీ ఆ గదిలోకి తోస్తారని భయపడి నోరు మూసుకున్నవాళ్ళంతా నయమైనట్టే కదా. ఇక రెండోసారి రానివాళ్ళంటారా, బాగుపడ్డారు కాబట్టే రాలేదని కండక్టరు గారు తీర్మానించుకున్నాడు. ఒక్కరి ఇంటికైనా వెళ్ళి చూశాడా? చూడలేదు.

అలా వచ్చినవాళ్ళల్లో ఒకమ్మాయి ఉంది. వయసు ఇరవై ఆరు, ఉద్యోగం లైబ్రరీలో. తండ్రి పోస్టుమ్యాన్, తల్లి లేదు. ఏడాది క్రితం ఆ అమ్మాయికి బీరువాల మధ్య ఎవరో గుసగుసలాడుతున్నట్టు వినిపించడం మొదలైంది. పుస్తకాలు తనని చదివేస్తున్నాయని, ఒక్కొక్కటే తీసి, పేర్లు గోడవైపు తిప్పి పెట్టింది. లైబ్రరీకి వచ్చినవాళ్ళు వంట పుస్తకం కావాలంటే న్యాయశాస్త్రం పట్టుకెళ్ళేవారు. పోస్టాయన బంగారం లాంటి మనిషి. డాక్టరుకి చూపించాడు. మాత్రలు వేసుకున్నాక రెండు నెలల్లో సగం పుస్తకాలు మళ్ళీ ఇటు తిరిగాయి. కానీ పిల్లకి మత్తుగా ఉంటోంది, కాస్త ఒళ్ళొచ్చింది. అంతే, చుట్టాలంతా చేరి, "మందులు పిల్లని పాడుచేస్తున్నాయి, కండక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళు" అని చెవినిల్లు కట్టుకుని పోరారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. మూడుసార్లు గదిలో కూర్చోబెట్టారు. మాత్రలు బంద్. మూడోసారి తరవాత ఆ అమ్మాయి పది రోజులు దగ్గుతూనే ఉంది. లైబ్రరీలో పుస్తకాలన్నీ మళ్ళీ గోడవైపు తిరిగాయి. నాలుగోసారి వచ్చే ఆదివారం పది గంటలకని చెప్పారు.

అప్పటికే నెల పైగా కండక్టరు గారికి నిద్ర పట్టడం లేదు.

మొదట ఆయనే నవ్వి ఊరుకున్నాడు. తరవాత అన్నం సహించడం మానేసింది. పొద్దున్నే బస్టాపుకి వెళ్ళి, ఏ బస్సూ ఎక్కకుండా సాయంత్రం దాకా కూర్చుని వచ్చేవాడు. పళ్ళపొడి ప్రకటన చూసి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ పైన ఒక గొంతు మొదలైంది. పెద్ద ఆఫీసరు గొంతు. "నీ డ్యూటీ అయిపోయింది. నువ్వు దేనికీ పనికిరావు. ఇంక వెళ్ళిపో" అంటుంది. తెల్లవార్లూ అదే మాట. ఒక రోజు పొద్దున భార్య డాబా మీదికి వెళ్ళేసరికి ఆయన పిట్టగోడ ఎక్కి నిలబడి ఉన్నాడు.

"ఏం చేస్తున్నారండీ అక్కడ?"

"బట్టలారేస్తున్నా."

"చేతిలో బట్టల్లేవుగా!"

ఆయన చేతులు చూసుకున్నాడు. నిజమే, లేవు. ఆవిడ చొక్కా పట్టుకుని కిందికి లాగి, పిట్టగోడకి ఆనించి కూర్చోబెట్టింది. అప్పుడు గొంతు సంగతి చెప్పేశాడు. చెప్పకుండా ఉండాల్సింది. కానీ ఎన్నాళ్ళని దాచుకుంటాడు? ఆయనకి చచ్చేంత భయంగా ఉంది.

మధ్యాహ్నానికి బావమరిది దిగాడు. కబురు విని అతని మొహం వెలిగిపోయింది. "బావనే ఎక్కిందంటే ఆషామాషీది కాదక్కా. పెద్ద సైజుదే!" అన్నాడు. కండక్టరు గారు కూడా అవునన్నాడు. ఆయనకి మాత్రం ఇంకేం తెలుసు? పైగా ఆశ కూడా కలిగింది. కుర్చీలో తనే వెళ్ళి కూర్చున్నాడు. బావమరిది ముడి వేస్తుంటే, "అలా కాదురా, ఊడిపోతుంది, రెండు మెలికలు వెయ్యి" అని దగ్గరుండి వేయించుకున్నాడు. "మిరపకాయలు పిసినారిగా వేశావేంట్రా? ఇంకో గుప్పెడు పొయ్యి. టైరు ముక్క పెద్దది పెట్టు" అన్నాడు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండి అన్నాడట వెనకటికొకడు. తలుపు మూసి గొళ్ళెం పెట్టారు.

అయిదు నిమిషాలు కాలేదు.

"ఒరేయ్, చాల్లే, తలుపు తియ్యి."

బయట బావమరిది చెవి తలుపుకి ఆనించాడు. "అక్కా, మాట్లాడుతోంది!"

"ఏమంటోంది?"

"తలుపు తియ్యమంటోంది."

"తియ్యకు."

"ఒరేయ్, నేన్రా! మీ బావనిరా!"

"అక్కా, బావనంటోంది!"

"అచ్చం ఆయన గొంతే. ఎంత నేర్చిందో చూడు" అని ఆవిడ బుగ్గలు నొక్కుకుంది.

"నీకు సైకిలు నేర్పింది నేను కాదూ? మురిక్కాలవలో పడితే ఎత్తి, ఇంట్లో చెప్పకుండా చొక్కా ఉతికిచ్చింది నేను కాదూ?"

బావమరిది కళ్ళు పెద్దవయ్యాయి. "అన్నీ తెలుసక్కా దీనికి! మురిక్కాలవ సంగతి కూడా తెలుసు. నే చెప్పలా, పెద్దదని!" అని కిటికీలోంచి ఇంకో రెండు మిరపకాయలు వేద్దామని వెళ్ళి, కిటికీకి మేకులున్నాయని గుర్తొచ్చి, తలుపు కింద సందులోంచి తోశాడు.

"నీళ్ళు... ఒసేయ్, నీళ్ళే..."

ఆవిడ గ్లాసులో నీళ్ళు పట్టుకుని లేచింది. ముప్పై ఏళ్ళ కాపురం, చెయ్యి ఊరుకోదు. తమ్ముడు అడ్డం వచ్చి, "అక్కా, రూలు!" అన్నాడు. ఆవిడ గ్లాసు నేల మీద పెట్టి, దాని పక్కనే కూర్చుంది.

లోపల కండక్టరు గారికి అప్పుడు అర్థమైంది. తను ఏమన్నా, ఎలా అన్నా, ఏడ్చినా, తిట్టినా, ఒట్టు పెట్టినా ఈ తలుపు తెరుచుకోదు. అలా తెరుచుకోకుండా రూలు రాసినవాడు తనే. నిజం చెప్పేవాడికి కూడా ఇక్కడ దారి లేదు. కళ్ళు మండి కనపడటం లేదు, ఛాతీలో ఎవరో ఇటుకలు పేరుస్తున్నట్టుంది. లైబ్రరీ అమ్మాయి ఇక్కడే, ఈ కుర్చీలోనే, మూడుసార్లు కూర్చుంది కదా అనుకున్నాడు. ఆ తరవాత ఆయనకి ఇంకేమీ తెలియలేదు.

"చప్పుడు లేదక్కా. దిగిపోయినట్టుంది."

"తియ్యనా మరి?"

"ఇంకో పావుగంట ఆగుదాం. సీటు కింద దాక్కుంటాయని బావే చెప్పాడుగా."

ఆ పావుగంటా ఆగి ఉంటే ఈ కథ నేను చెప్పేవాణ్ణి కాదు. ఆయన్ని కాపాడింది దేవుడూ కాదు, దయా కాదు, దుప్పట్లు. కింద వాటాలో లాండ్రీ ఆవిడ ఒక లాడ్జి వాళ్ళ తెల్ల దుప్పట్లు అరవై ఉతికి పెరట్లో ఆరేసింది. గది గోడ బీటలోంచి టైరు మసి వచ్చి వాటి మీద వాలింది. ఆవిడ ఇస్త్రీ పెట్టె చేత్తో పట్టుకునే మూడంతస్తులూ ఎక్కొచ్చింది.

"మీ దయ్యాలు తుడుచుకోడానికి నా దుప్పట్లే దొరికాయా? ముందా పొగ ఆపండి!"

"పిన్నీ, లోపల బావ ఉన్నాడు, పెద్ద దయ్యం..."

"నీ మొహంలా ఉంది, తప్పుకో!" అని అతన్ని ఒక్క తోపు తోసి, గొళ్ళెం తీసి, లోపలికి వెళ్ళి, ఇస్త్రీ పెట్టెతో కిటికీ పగలగొట్టింది. తరవాత కుర్చీలో ఉన్న మనిషిని చూసింది. దుప్పట్ల సంగతి మర్చిపోయి, "ఓరి దేవుడో, పెదాలు నీలంగా ఉన్నాయి, అంబులెన్సుని పిలవండర్రా!" అని కేకలు పెట్టింది.

ఆస్పత్రిలో రెండు రోజులు ఆక్సిజన్ పెట్టారు. శనివారం డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. ఊపిరితిత్తుల డాక్టరు కాదు, మనసు డాక్టరు.

"నిద్ర పట్టి ఎన్నాళ్ళయింది?" అంది.

"నెలన్నర."

"ఏమైనా వినిపిస్తోందా?"

ఆయన తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి, ఆఫీసరు గొంతు గురించి, పిట్టగోడ గురించి అంతా చెప్పాడు. చెప్పి, ఇక కుర్చీకి కట్టేస్తుందని తాడు కోసం చూశాడు. డాక్టరమ్మ తాడు తియ్యలేదు. "ఎంత కష్టంగా ఉండి ఉంటుందో" అంది. కండక్టరు గారు ఇరవై రెండేళ్ళ సర్వీసు మర్చిపోయి బావురుమన్నాడు.

"ఇది జబ్బండీ. మందులున్నాయి. టైం పడుతుంది, కానీ తగ్గుతుంది" అందావిడ.

"దయ్యం కాదా?"

"కాదు."

"అహ, ఎందుకడిగానంటే, నేను ఆ లైన్లోనే ఉన్నానండి."

"తెలుసు. మీ దగ్గరికి వచ్చి వెళ్ళినవాళ్ళు ఇక్కడికి వస్తుంటారు. కొంతమంది పొగ వల్ల, కొంతమంది మాత్రలు మానేసినందువల్ల. కొంతమంది రారు."

"రాలేదంటే బాగుపడ్డట్టే కదండీ?"

డాక్టరమ్మ ఆయన మొహంలోకి చూసింది. ఆయన దుప్పటి తల మీదికి లాక్కున్నాడు.

ఆదివారం ఎనిమిదింటికి భార్య వచ్చింది. ఫ్లాస్కు పక్కన పెట్టి, "మీరేం బెంగపెట్టుకోకండి, పని ఆగలేదు. తమ్ముడు చూసుకుంటున్నాడు. పోస్టాయన కూతుర్ని పదింటికి రమ్మన్నాం" అంది.

"వద్దే! ఆ పిల్లని ముట్టుకోకండి. అది జబ్బే, దయ్యం కాదు. మాత్రలు వేసుకోమని చెప్పు!"

ఆవిడ ఆయన నుదురు నిమిరి, "ఇంకా కాస్త లోపల మిగిలే ఉంది" అని కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది.

కండక్టరు గారు నర్సుని బతిమాలి ఇంటికి ఫోన్ చేశాడు. బావమరిది ఎత్తాడు. "ఒరేయ్, నేన్రా..." అన్నాడో లేదో, "అమ్మో, ఫోన్లు కూడా చేస్తోందే!" అని పెట్టేశాడు. రెండోసారి ఎత్తనే లేదు. పోలీసుల్ని పిలుద్దామంటే, నర్సు చేతిలోని ఫోన్ ఎమర్జెన్సీ వార్డు వాళ్ళు లాక్కుపోయారు. తొమ్మిదిన్నరయింది. ఆయన సెలైన్ గొట్టం పీకి, ఆస్పత్రి గౌనులోనే గేటు దాటాడు. వెనక గాలి తగులుతోంది. ఎదురుగా బస్సు కనబడితే ఎక్కేశాడు.

"టికెట్?" అంది లేడీ కండక్టరు.

జేబు తడుముకోబోయాడు. గౌనుకి జేబెక్కడిది? "ఇంట్లో మర్చిపోయానమ్మా" అన్నాడు. అన్నాక సిగ్గుతో చచ్చిపోయాడు. ఇరవై రెండేళ్ళు ఈ మాట విన్నప్పుడల్లా ఆయన విజిల్ ఊదాడు.

లేడీ కండక్టరు ఆయన్ని కింది నుంచి పై దాకా చూసింది. చేతికి సూది, కాళ్ళకి చెప్పుల్లేవు. "కూర్చోండి, పడిపోతారు. ఎక్కడ దిగాలి?" అంది. మనిషి మాట నమ్మడం ఇంత తేలికా! ఆయన కూర్చుని, దిగాల్సిన చోటు చెప్పాడు.

రెండో అంతస్తుకి వచ్చేసరికే టైరు వాసన తగిలింది. మూడో అంతస్తులో గది తలుపు మూసి ఉంది. బావమరిది మెడలో విజిల్ వేసుకుని పహారా కాస్తున్నాడు. పోస్టాయన ఒక మూల చెవులు రెండూ గట్టిగా మూసుకుని, గోడకి తిరిగి ఏడుస్తున్నాడు. లోపల్నుంచి "నాన్నా, నాన్నా" అని వినిపిస్తోంది.

"తలుపు తియ్యండి! దయ్యాల్లేవు, పాడూ లేదు. ఆ పిల్లకి జబ్బు!"

బావమరిది అడ్డం నిలబడి, "అక్కా, దగ్గరికి రాకు, ఇది బావ కాదు. బావైతే ఇలా మాట్లాడడు" అన్నాడు. ఆ మాటలో తప్పేమీ లేదు. బావ ఎప్పుడూ ఇలా మాట్లాడలేదు. పోస్టాయన చెవుల మీంచి చేతులు తీసి, "అయ్యో, నా కూతుర్ని వదిలి ఈయన్ని పట్టుకుందా?" అన్నాడు.

కండక్టరు గారు భార్య వైపు తిరిగాడు. "సరే, నేను దయ్యాన్నే అనుకో. ముప్పై ఏళ్ళు ఈ దయ్యంతోనే కాపురం చేశావుగా, ఒక్క మాట విను. ఆ రోజు బస్సులో నేనేం దయ్యాన్నీ దింపలేదే. ఆవిడ ఫిట్స్ నేను చూడనే లేదు. ఫుట్‌బోర్డు మీదున్న టికెట్ లేనివాణ్ణి దిగమన్నాను. అంతే. మొదట్నుంచీ అంతా అబద్ధమే."

మెట్ల మీద వరసలో నిలబడ్డవాళ్ళు నోళ్ళు తెరిచారు. భార్య మాత్రం అదరలేదు, బెదరలేదు.

"నాకు తెలుసు" అంది.

"తెలుసా! ఎప్పట్నుంచి?"

"ఆ వారమే. డ్రైవరు గారి భార్య చెప్పింది."

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు ఊరుకున్నావే!"

"రిటైరయ్యాక మిమ్మల్ని పట్టించుకునేవాళ్ళే లేరు. అంతమంది 'కండక్టరు గారూ, కండక్టరు గారూ' అంటుంటే మీరు చిన్నపిల్లాడిలా మురిసిపోయేవారు. కాదని ఎలా చెప్పను? ఎంత పోయింది, నాలుగు మిరపకాయలు అనుకున్నా." ఆవిడ గొళ్ళెం వైపు చూసింది. "మొన్న మీ పెదాలు నీలంగా చూశాక నిద్ర పట్టలేదండీ. తలుపు బయట నీళ్ళ గ్లాసు పెట్టుకుని కూర్చున్నదాన్ని నేనేగా. అది తప్పని ఒప్పుకుంటే నేనేమైపోవాలి? అందుకే దయ్యమే, దయ్యమే అనుకున్నా."

ఆవిడ తమ్ముణ్ణి చూసింది. "తప్పుకోరా."

"అక్కా, రూలూ..."

"తప్పుకోమన్నానా లేదా!"

కోల్డ్ స్టోరేజీలో రెండు క్వింటాళ్ళు మోసేవాడు ఆ కేకకి గోడకి అతుక్కుపోయాడు. ఆవిడే గొళ్ళెం తీసింది. పగిలిన కిటికీకి కొట్టిన అట్టముక్కని లాండ్రీ ఆవిడ డాబా మీంచి కర్రతో పొడిచి పడేసింది. ఆవిడ అప్పటికే డాబా ఎక్కి ఉంది, పెరట్లో దుప్పట్లు మళ్ళీ ఆరేసి ఉన్నాయి మరి.

కండక్టరు గారు దగ్గుతూ లోపలికి వెళ్ళి, కట్లు విప్పి, ఆ అమ్మాయిని మెట్ల దగ్గరికి మోసుకొచ్చి కూర్చోబెట్టాడు. తను ఎదురుగా నేల మీద కూలబడ్డాడు. ఏడాదిగా ఆ పిల్లని ఎవరూ అడగని ప్రశ్న అడిగాడు.

"నీకేం కావాలమ్మా?"

ఆ అమ్మాయి అనుమానంగా చూసింది. "చెప్తే ఇస్తారా?"

"ఇస్తాం."

"నీళ్ళు. తరవాత డాక్టరమ్మ."

రెండూ ఇచ్చారు. అదే ఆస్పత్రి, అదే డాక్టరమ్మ. పారిపోయిన పేషెంటు తిరిగొచ్చాడని వార్డు బాయ్‌లు కండక్టరు గారిని పట్టుకుని ఆయన మంచానికి ఈడ్చుకుపోయారు. ఆ అమ్మాయిని, "ఎలా ఉంది?" అని డాక్టరమ్మ అడిగితే, అలవాటు కొద్దీ పోస్టాయన, "దానికి ఏమవుతోందంటేనండీ" అని మొదలుపెట్టాడు. "మిమ్మల్ని కాదండీ, మీ అమ్మాయిని అడిగాను" అంది డాక్టరమ్మ. ఆ అమ్మాయి గంటసేపు మాట్లాడింది. ఇంట్లో ఏడాదిలో మొత్తం కలిపి అంత మాట్లాడలేదు. పోస్టాయన తలుపు పక్కన నిలబడి చెవులు మూసుకోకుండా అంతా విన్నాడు.

మూడు నెలలు గడిచాయి. వెనక గదిలో కుర్చీ తీసేశారు. బావమరిదికి మాత్రం ఇంకా సందేహమే. బావ మాత్రలు వేసుకుంటున్నప్పుడల్లా ఎదురుగా కూర్చుని, లోపల ఏదైనా కదిలిందా అని పొట్ట వైపు చూస్తుంటాడు. ఆఫీసరు గొంతు ఇప్పుడు ఎప్పుడైనా వస్తుంది, గట్టిగా మాట్లాడదు. కండక్టరు గారు ఆకలేసి అన్నం తింటున్నాడు. పళ్ళపొడి ప్రకటన వస్తే మాత్రం ఇప్పటికీ ఛానెల్ మార్చేస్తాడు.

ఇద్దరికీ ఆస్పత్రిలో చూపించుకోవడానికి ఒకే వారం, ఒకే వరండా. ఆ రోజు వరండాలో జనం విరగబడి ఉన్నారు. లైబ్రరీ అమ్మాయి బల్ల మీద కూర్చుని ఉంది, పక్కన సంచి. కండక్టరు గారు కాస్త దూరంలో నిలబడ్డాడు.

"మీ మీద కోపం పోలేదండీ" అందా అమ్మాయి, పలకరింపు లేకుండానే.

"ఉండనీ అమ్మా."

"మిగతావాళ్ళ ఇళ్ళకి వెళ్తున్నారట, మీ ఇంట్లో అమ్మగారు చెప్పారు."

"వెళ్తున్నా. మాత్రలు మళ్ళీ మొదలెట్టమని చెప్పడానికి. ఇప్పటికి పదకొండు ఇళ్ళయ్యాయి. ముగ్గురు తలుపు తియ్యలేదు. ఒకాయన కర్ర తీసుకుని వీధి చివరిదాకా తరిమాడు." ఆయన గొంతు సవరించుకున్నాడు. ఆ గొంతులో ఇప్పుడు అద్దాలు అదరగొట్టేంత బలం లేదు. "ఇద్దరు లేరమ్మా. ఒకావిడ నా దగ్గరికొచ్చిన వారానికే పోయిందట. బాగుపడింది కాబోలు, అందుకే రాలేదనుకున్నాను."

లోపల్నుంచి నర్సు ఎవరినో పిలిచింది, ఎవరో లేచి వెళ్ళారు. తరవాత ఆ అమ్మాయి బల్ల మీదున్న సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. కండక్టరు గారు వచ్చి ఆ చోట్లో కూర్చున్నాడు.